టీకాలును ఆరంభశూరత్వమును

"ఆంధ్రులు ఆరంభశూరులు" అను మాట మన పెద్దల నోట తఱచుగా వినబడుచుండును. పని మొదలుపెట్టునప్పుడుండు ఉత్సాహము ముగించువఱకు నిలువదని దాని భావము. ఆ నింద అన్ని పనులయందును నిజమగునో కాదో విచారించుట మా యుద్దేశము కాదు. కాని శిశువులకు టీకాలు వేయించు విషయమున ఆ మాటను తలచుకొనక తప్పదు. బిడ్డ పుట్టిన దినమున ఆసుపత్రిలో వేయు టీకాను వలదను తల్లి నేడు అరుదు. ఆ బిడ్డకే ఐదేండ్లు నిండినప్పుడు వేయింపవలసిన టీకాను జ్ఞాపకముంచుకొని తోడ్కొనివచ్చువారో, అంతకంటె మిక్కిలి తక్కువ. ఈ రెంటి నడుమ బిడ్డలెక్కడ తప్పిపోవుచున్నారు? ఏల తప్పిపోవుచున్నారు? తప్పిపోయినందువలన కలుగు కీడేమి? ఈ మూడు ప్రశ్నలకు మా విద్యార్థులును వారి తల్లిదండ్రులును సులభముగ గ్రహించునట్లు సమాధానము చెప్పుటకే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. టీకా పనిచేయు విధము

మన శరీరమునందు రోగక్రిములను గుర్తించి యెదిరించు కణములు కలవు. ఊరికి తలారి యెట్టివాడో శరీరమునకు అవి యట్టివి. దొంగను మునుపెన్నడును చూడని తలారి వానిని గుర్తించులోపలనే యిల్లు దోపిడియగును. ఒకమారు ముఖము చూచినవాడైనచో పొలిమేరలోనే పట్టుకొనును. రోగక్రిమిని బలహీనపఱచి గాని, చంపి గాని, దానిలోని యొక భాగమును మాత్రము వేఱుచేసి గాని శరీరమునకు ముందుగా చూపుటయే టీకా.

అయితే అన్ని క్రిములును ఒక్కమారు చూచినంతనే గుర్తుండవు. ధనుర్వాతము, కంఠసర్పి, కోరింతదగ్గు అను మూడు వ్యాధుల టీకాలయందు సజీవమైన క్రిమి లేదు. అందుచేత వానిని పలుమారులు చూపవలసియున్నది. మొదటి మోతాదు పరిచయము వంటిది. రెండవ మూడవ మోతాదులు ఆ పరిచయమును దృఢపఱచును. ఏండ్లు గడచినకొలది జ్ఞాపకము సన్నగిల్లును గనుక పిమ్మట బలపఱచు మోతాదులును కావలెను. పాఠమును ఒకమారు విని పరీక్షకు పోవు విద్యార్థికిని, వల్లెవేసి పోవు విద్యార్థికిని గల భేదమే యిచ్చటను కలదు.

తట్టు టీకాను పుట్టిననాడే వేయక 9 నెలలు నిండువఱకు ఏల ఆగుదురని కొందఱడుగుదురు. తల్లినుండి బిడ్డకు సంక్రమించిన రక్షణ కొన్ని నెలలవఱకు నిలిచి, టీకాలోని బలహీనమైన క్రిమిని సరిగా పనిచేయనీయదు. ఆ రక్షణ తగ్గినపిమ్మట వేసిననే టీకా ఫలించును. పట్టికలోని యే గడువును ఊరక పెట్టబడినది కాదని గ్రహింపవలెను.

2. ఒక్క మచ్చ నేర్పిన నమ్మకము

1796 మే 14వ తేదిని ఇంగ్లండునందు ఎడ్వర్డు జెన్నరను వైద్యుడు, ఆవుల మశూచి సోకిన యొక పాలుపితుకు స్త్రీ చేతి పొక్కులోని రసిని ఎనిమిదేండ్ల బాలుని చేతికెక్కించెను. ఆ బాలునికి పిమ్మట మశూచి సోకలేదు. ఆఱు సంవత్సరములకు, 1802 జూన్ 14వ తేదిని, బొంబాయిలో అన్నా దస్తాల్ అను మూడేండ్ల బాలికకు టీకా ఫలించెను. భారతదేశమున మొట్టమొదట టీకా పొందినది ఆమెయే. "అమ్మవారు పోసినది" అని వేపమండలు గుమ్మమునకు కట్టి ప్రాణములు చేతబట్టుకొని కూర్చుండిన కాలము మన దేశమున 1975తో ముగిసెను. 1980లో లోకమంతటినుండియు మశూచి తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను.

ఈ జయము గొప్పది. కాని దానితోపాటు మన జనులకొక అభిప్రాయమును అలవడినది. తాతల చేతిమీద టీకా మచ్చ యుండెను. ఆ మచ్చయే రక్షణకు గుర్తు. నేడును పుట్టిన బిడ్డకు ఎడమ బుజముమీద వేయు బి.సి.జి. టీకా మచ్చను విడుచును. దానిని చూచి "మా వానికి టీకా అయిపోయినది" అని తల్లులు తృప్తిపడుదురు. ఆ మచ్చ క్షయకు సంబంధించిన యొక్క టీకాకే సాక్ష్యము; తక్కిన టీకాలు మచ్చను విడువవు. వానికి కార్డే సాక్షి.

3. మదనపల్లె చెప్పు పాఠము

బి.సి.జి. చరిత్రలో మన తెలుగుదేశమునకు ముఖ్యస్థానము కలదు. నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె చెంత ఆరోగ్యవరమను చోట, పలు మిషనులు కలిసి స్థాపించిన క్షయరోగ చికిత్సాలయము కలదు. డెన్మార్కు దేశస్థుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రీమొట్ మొల్లరు దాని మొదటి వైద్యాధికారి. భారతదేశమున బి.సి.జి. టీకా మొట్టమొదట వేయబడినది 1948 ఆగస్టులో ఈ మదనపల్లెయందే. ఆ సంవత్సరముననే మదరాసులోని గిండీయందు ఆ టీకామందు తయారుచేయు ప్రయోగశాలయు ఏర్పడెను. 1951నుండి దేశమంతట సామూహికముగ బి.సి.జి. వేయు పని సాగెను.

ఆ రోజులలో పద్ధతి యెట్లుండెననగా, మొదట చర్మమునందు ట్యూబర్క్యులిన్ అను ద్రవమును కొంచెముగ ఎక్కించుదురు. మూడు దినములకు పిమ్మట ఆ చోటును చూతురు. వాపు కనబడినవారికి క్షయక్రిమి అదివఱకే సోకినదని గ్రహించి విడిచిపెట్టుదురు; వాపు లేనివారికే టీకా వేయుదురు. అనగా ఒక్క టీకాకొఱకు రెండుమారులు రావలసియుండెను. మొదటినాడు వేడుకగ వచ్చినవారిలో కొందఱు రెండవనాడు కనబడకపోయిరి. ఒకనికి పొలముపని, ఒకనికి సంత, ఒకనికి సూది భయము. మందు లేక కాదు, డాక్టరు లేక కాదు. రెండు రాకల నడుమనే బిడ్డలు జాఱిపోయిరి. తరువాతి కాలమున చంటిబిడ్డలకు పరీక్ష లేకుండ నేరుగ టీకా వేయు పద్ధతి వచ్చినది. ఇప్పుడు పుట్టినచోటనే వేయుచుండుటచేత బి.సి.జి. తప్పిపోవు బిడ్డలు తక్కువ. రాకలు పెరిగినకొలది తప్పిపోవువారు పెరుగుదురు. ఇదియే మదనపల్లె చెప్పు మొదటి పాఠము.

రెండవ పాఠము విశ్వాసమును గూర్చినది. 1955లో చక్రవర్తుల రాజగోపాలాచారిగారు ఈ సామూహిక బి.సి.జి. కార్యక్రమమును గట్టిగ నెదిరించిరి. ఆరోగ్యవంతులైన పిల్లల దేహములోనికి సజీవక్రిములను ఎక్కించుట తగదని వారు వాదించిరి. అంతటి పెద్దమనిషి సందేహించినప్పుడు సామాన్యులు సందేహించుట వింత కాదు. అట్టి సందేహమునకు పరిశోధనయే తగిన జవాబు. చెంగల్పట్టు జిల్లాయందు 1968లో మొదలైన పెద్ద పరిశోధనలో, పెద్దవారికి వచ్చు ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. ఆపజాలదని తేలెను. అయినను చంటిబిడ్డల ప్రాణములు తీయు క్షయరోగపు మెదడు వాపునుండియు, దేహమంతట వ్యాపించు క్షయనుండియు అది రక్షించునని పలు పరిశీలనలు చూపినవి. కావుననే నేటికిని పుట్టిన వెంటనే దానిని వేయుచున్నారు. టీకావలన ఎంత లాభమో అంతయే చెప్పవలెను. ఎక్కువ చెప్పినను తక్కువ చెప్పినను జనులకు నమ్మిక చెడును.

4. నేటి పట్టిక

1985లో మన దేశమున సార్వత్రిక టీకా కార్యక్రమము ఆరంభమైనది. నేడు దానిక్రింద ఉచితముగ వేయు టీకాలలో ముఖ్యమైనవి ఇవి:

పుట్టినప్పుడు: బి.సి.జి., పోలియో చుక్కలు, 24 గంటలలోపల కామెర్ల (హెపటైటిస్ బి) టీకా.

6, 10, 14 వారములకు: ఐదు వ్యాధులకు ఒక్కటైన పెంటావాలెంట్ టీకా, పోలియో చుక్కలు, విరేచనములకు కారణమగు రోటావైరస్‌కు మందు. వీనిలో 6, 14 వారములకు పోలియో సూదియు, న్యుమోనియానుండి కాపాడు టీకాయు చేరును.

9 నెలలు నిండిన పిమ్మట, ఏడాదిలోపల: తట్టు-రుబెల్లా మొదటి మోతాదు, న్యుమోనియా టీకా మూడవ మోతాదు, పోలియో సూది మూడవ మోతాదు.

16 నుండి 24 నెలలలోపల: తట్టు-రుబెల్లా రెండవ మోతాదు, కంఠసర్పి-కోరింతదగ్గు-ధనుర్వాతముల బలపఱచు మోతాదు, పోలియో చుక్కలు.

5 నుండి 6 ఏండ్లలోపల: ఆ మూడు వ్యాధులకు రెండవ బలపఱచు మోతాదు.

10 ఏండ్లకును 16 ఏండ్లకును: ధనుర్వాతము, కంఠసర్పులకు టి.డి. టీకా.

కడపటి పంక్తిని మా విద్యార్థులు రెండుమారులు చదువవలెను. టీకాలు చంటిబిడ్డలకే యని వారు తలంతురు. సూది వేయు దినమున బడి యెగవేయు శూరులును కొందఱు కలరు. ఆ దినమున వేయునది మీకొఱకే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి, 12 నుండి 23 నెలల వయస్సుగల బిడ్డలలో ప్రధానమైన టీకాలన్నియు పొందినవారు దేశమున 2015-16లో నూటికి 62 మంది, 2019-21లో నూటికి 76 మంది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశమున నూటికి 73 మంది. వృద్ధి కలదు, సంతోషము. కాని యీ లెక్కలో తట్టు టీకా మొదటి మోతాదు మాత్రమే చేరినది. రెండవ మోతాదును, తరువాతి బలపఱచు మోతాదులను చేర్చి లెక్కించినచో సంఖ్య యింకను తగ్గునని తెలియవలెను.

5. బిడ్డలెక్కడ తప్పిపోవుచున్నారు?

మా బడికి వచ్చు తల్లులతోను, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలతోను మాటలాడగా మాకు తెలిసిన కారణములను క్రింద పొందుపఱచుచున్నాము.

మొదటిది పుట్టిల్లు. మన ఆచారమునుబట్టి తొలికాన్పు పుట్టింట జరుగును. బిడ్డకు మొదటి టీకాలు ఆ యూరిలో వేయుదురు. పేరు ఆ యూరి పుస్తకములోనే యెక్కును. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో తల్లి అత్తవారింటికి వచ్చును. కార్డు అమ్మమ్మగారి బీరువాలో నుండిపోవును. పుట్టింటివారు "అచ్చట వేయించుకొనియుందురు" అనుకొందురు. అత్తవారు "అచ్చటనే వేయించియుందురు" అనుకొందురు. ఇద్దఱు కాపరుల నడుమ గొఱ్ఱెపిల్ల తప్పిపోయినట్లగును.

రెండవది కూలి. మన పల్లెలలో సాధారణముగ బుధ, శనివారములు టీకా దినములు. కొన్ని టీకామందుల సీసాలను తెఱచినపిమ్మట నాలుగు గంటలలో ముగింపవలెను గనుక అందఱను ఒక్కచోట చేర్చి వేయుదురు. నాట్లు, కోతలు ముమ్మరముగనున్నప్పుడు ఆ పూట మానుకొన్నచో ఇంటికి రావలసిన కూలి పోవును. తల్లికి బిడ్డమీద ప్రేమ లేక కాదు.

మూడవది వలస. కర్నూలు ప్రాంతమునుండి గుంటూరు ప్రాంతమునకు మిరపకోతలకు పోవు కుటుంబములు, ఇటుక బట్టీలకు పోవు కుటుంబములు నెలలతరబడి ఊర నుండవు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చునప్పటికి తలుపునకు తాళముండును.

నాలుగవది జ్వరము. పెంటావాలెంట్ వేసిన రాత్రి బిడ్డకు ఒళ్లు వెచ్చబడి, తొడ వాచి, తెల్లవార్లు ఏడ్చును. "బాగున్న బిడ్డకు జ్వరము తెచ్చిరి" అని అత్తగారనును. జ్వరము రావచ్చునని ముందుగనే చెప్పియుండినచో ఆ తల్లి భయపడదు. చెప్పనందువలననే ఆమె మరల రాదు.

ఐదవదానిని చెప్పుటకు సంకోచించుచున్నను చెప్పవలసియున్నది. ఒకమారు గడువు తప్పించుకొని వచ్చిన తల్లిని నలుగురిలో గద్దించినచో ఆమె తలవంచుకొని పోవును. తిరిగి ఆ గుమ్మము త్రొక్కదు. గద్దింపువలన ఒక పూట క్రమశిక్షణ నిలుచునేమో గాని ఒక బిడ్డ రక్షణ పోవును. బడిలో ఉపాధ్యాయులమగు మాకును ఈ మాట వర్తించును.

6. ఒక చిన్న లెక్క

ఆరోగ్యపాఠము చెప్పుచుండగా ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు లేచి, "అయ్యగారూ, మా పినతల్లి కొడుకునకు టీకా వేయించినను తట్టు పోసినది, అట్లయిన టీకావలన ప్రయోజనమేమి?" అని యడిగెను. మంచి ప్రశ్న. దానికి జవాబు గణితములోనున్నది.

9 నెలలకు వేసిన తట్టు టీకా నూర్గురు బిడ్డలలో సుమారు 85 మందికి ఫలించును. 15 మందికి ఫలింపదు. ఆ బాలుడు ఈ 15 మందిలోని వాడు కావచ్చును. ఒక ప్రాంతమున ఏటేట 100 మంది బిడ్డలు పుట్టుదురనుకొందము. అందఱకును మొదటి మోతాదు మాత్రమే వేసినచో ఏటికి 15 మంది రక్షణలేనివారుగ మిగులుదురు. ఐదేండ్లలో వారు 75 మంది యగుదురు. ఎండుగడ్డి పేరుకొన్నట్లు వీరు పేరుకొందురు. నిప్పురవ్వ పడుటయే తరువాయి. రెండవ మోతాదు కూడ అందఱకు వేసినచో, ఆ 15 మందిలోను నూటికి 85 వంతున సుమారు 13 మందికి ఫలించును. ఏటికి ఇద్దరో ముగ్గురో మిగులుదురు. ఐదేండ్లకు 11 మంది. కావున తట్టు రెండవ మోతాదు అలంకారప్రాయము కాదు. మొదటిమారు తప్పినవారికి రెండవ అవకాశము.

తట్టు ఎంత అంటుజాడ్యమనగా, రక్షణలేనివారి నడుమ ఒక రోగి 12 మొదలు 18 మందివఱకు అంటించును. రోగి గదినుండి వెడలిన పిమ్మట రెండు గంటలవఱకును ఆ గాలిలో క్రిమి నిలిచియుండగలదు. అందుచేతనే నూటికి 95 మందికి రక్షణయున్నగాని యీ వ్యాధి ఊరిలో ఆగదు. 9 నెలలు నిండని చంటిబిడ్డకు టీకా వేయలేము. ఆ బిడ్డకు చుట్టునున్న అన్నలు, అక్కలు పొందిన రక్షణయే కోటగోడ.

7. కోటగోడ లేని వ్యాధియు, గోడ కూలిన నగరమును

అన్ని వ్యాధులకును ఇట్టి గోడ యుండదు. ధనుర్వాతపు క్రిమి మంటిలోను పేడలోను నివసించును. మనిషినుండి మనిషికి అంటదు. ఊరివారందఱు టీకా వేయించుకొన్నను, వేయించుకొనని వాని కాలికి ముల్లు గుచ్చుకొన్నచో వానిని కాపాడువారు లేరు. గర్భిణీస్త్రీలకు టీకా వేయుటచేతను, కాన్పులు శుభ్రమైనచోట జరుగుటచేతను, పురిటిబిడ్డల ధనుర్వాతము ప్రజారోగ్య సమస్యగ మన దేశమున తొలగినదని 2015లో నిర్ధారింపబడినది. క్రిమి మాత్రము మంటిలో నెప్పటివలెనే యున్నది. టీకా మానిననాడు వ్యాధి మరల వచ్చును.

కంఠసర్పి విషయమున హైదరాబాదు నగరము మనకు హెచ్చరిక. 2003 మొదలు 2006 వఱకు ఆ నగరమున జరిగిన పరిశీలనలో, ఆ వ్యాధి ఎక్కువగ సోకినది 5 నుండి 19 ఏండ్ల వయస్సువారికని తేలెను. అనగా చంటిబిడ్డలకంటె బడికి పోవు పిల్లలకే ఎక్కువ. బలపఱచు మోతాదులు అనేకులకు అందకపోవుట దానికి ముఖ్యకారణముగ కనబడెను. గొంతులో తెల్లని పొర పట్టి ఊపిరి సలుపనీయని ఆ వ్యాధి, ఆరంభించి ముగింపని పనికి ఫలము.

8. కొన్ని సందేహములు

గడువు తప్పినచో మొదటినుండి వేయింపవలెనా? వలదు. ఆగినచోటినుండి కొనసాగించిన చాలును. తట్టు-రుబెల్లా టీకాను ఐదేండ్లవఱకును వేయుదురు. కాని బి.సి.జి., రోటావైరస్ మందు మొదలగువాని నారంభించుటకు ఏడాదియే గడువు.

జలుబు చేసిన బిడ్డకు వేయింపవచ్చునా? సామాన్యమైన జలుబు, కొద్దిపాటి విరేచనములు అడ్డు కావు. తీవ్రమైన జబ్బుగనున్నచో డాక్టరునకు చూపి వారి సలహా ననుసరింపవలెను.

టీకావలన కీడే లేదా? జ్వరము, వాపు సామాన్యములు. రెండు మూడు దినములలో తగ్గును. తీవ్రమైన యలర్జీ బహు అరుదు. అది సాధారణముగ వెంటనే కనబడును గనుకనే టీకా పిమ్మట అరగంటసేపు అచ్చటనే కూర్చుండుడని చెప్పుదురు. ఆ యరగంట కూర్చుండుట తల్లి హక్కు, కర్తవ్యము కూడ.

9. మనము చేయదగినది

తల్లిదండ్రులారా! టీకా వేయించిన ప్రతిమారును నాలుగు సంగతులు అడిగి తెలిసికొనుడు: ఏ టీకా వేసిరి? ఏమి రావచ్చును, వచ్చినచో ఏమి చేయవలెను? మరల ఎప్పుడు రావలెను? కార్డులో వ్రాసిరా? ఊరు మాఱునప్పుడు రేషను కార్డుతోపాటు టీకా కార్డును మూటలో కట్టుకొనుడు. ఏ యూర నున్నను టీకా ఉచితమే. వచ్చిన వెంటనే ఆ యూరి ఆశా కార్యకర్తకు బిడ్డ పేరు తెలుపుడు. తండ్రులారా! ఆ బుధవారమున మీరే బిడ్డ నెత్తుకొనిపోయినచో తల్లి కూలి నిలుచును.

విద్యార్థులారా! మీయింట చదువ నేర్చినవారు మీరే కావచ్చును. తమ్ముని, చెల్లెలి కార్డు చదివి చెప్పు భారము మీది. పరిహాసము చేయక, గద్దింపక, మెల్లగ చెప్పుడు.

అభ్యాసము

1. మీయింటిలో ఐదేండ్లలోపు బిడ్డ యున్నచో కార్డు తెచ్చి, పైపట్టికతో సరిచూచి, తరువాతి టీకా గడువును గోడ క్యాలెండరుమీద గుర్తుపెట్టుడు.

2. 100 మంది బిడ్డలకు తట్టు మొదటి మోతాదు వేసి, 80 మందికే రెండవది వేసినచో రక్షణలేనివారెందఱు? ఐదేండ్లలో ఎందఱగుదురు?

3. ధనుర్వాతమునకు ఇరుగుపొరుగువారి టీకా మనల నేల కాపాడదు? తట్టునకు ఏల కాపాడును?

4. మీ టి.డి. టీకా యే వయస్సున పడినది? పడనిచో మీ తరగతి ఉపాధ్యాయునకు రేపే తెలుపుడు.